బొమ్మ నడవాలంటే

ఈ నెల ముచ్చట షోలాపూరులోని మా అక్కగారి యింటిది. మేనల్లుడు బి.కాం. ప్యాసయ్యాడు. బావగారు బ్యాంకు పరీక్షలకు కూర్చోమంటారు. వాడు యానిమేషన్‌లో పైచదువు చదువుతానంటాడు. నేను గుమాస్తాను గనుక ఫారాల సంగతి నాకు తెలుస్తుందని తగవు నా దగ్గరకు తెచ్చారు.

"బొమ్మలు గీయటం వీడికి చిన్నప్పుడే వచ్చును. దానికి మూడేళ్ళ చదువేమిటయ్యా?" అన్నారు బావగారు. నాకూ మొదట అలాగే తోచింది, దాచటమెందుకు!

వాడు కంప్యూటరులో తాను చేసిన చిన్న తునక చూపించాడు. ఒకావిడ నీళ్ళబిందె చంకనెత్తుకుని నడిచిపోతుంది. పది సెకన్లు. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా 120 బొమ్మలు గీశాడన్నమాట. బాగున్నదిరా అన్నాను.

"సరిగ్గా చూడు మామా! ఆమె కాలు నేలమీద ఆనటం లేదు, జారుతున్నది. బిందె బరువు నడుములో కనిపించటం లేదు. అదే నాకు రాదు" అన్నాడు.

మంచంమీద వున్న వాడి తాతగారు లేచి కూర్చున్నారు. ఆయన జకార్డు మగ్గాలకు దుప్పటి నక్షాలు గీసినవారు. గళ్ళ కాగితంమీద పువ్వు గీసి, పేకపోగుకొక అట్ట చొప్పున చిల్లులు కొట్టించేవారు. "ఒక్క అట్ట తప్పితే పువ్వు విరుగుతుంది. నాకది పట్టుబడేందుకు మేస్త్రీ నాలుగేళ్ళు తిప్పాడు" అన్నారు. బావగారు మాట్లాడలేదు.

తరువాత నేను కొంత విచారించాను. డిస్నీ వద్ద పనిచేసిన క్లేర్ వీక్స్ 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి మనవాళ్ళకు యీ విద్య నేర్పాడు. 1957 నాటి 'ది బన్యన్ డీర్' ఆ శిక్షణలో తయారైనదే. పేరుపొందిన రామ్మోహన్ అక్కడ నేర్చుకున్నవాడే. నేడు అహమ్మదాబాదు డిజైన్ సంస్థలోను, బొంబాయి ఐ.ఐ.టి.లోను యానిమేషన్‌లో పైచదువు వున్నది. కలకత్తాలో సత్యజిత్ రాయ్ పేర 1995లో వెలసిన సంస్థలోనూ వున్నది. అక్కడ ఏ డిగ్రీ అయినా సరే, ప్రవేశపరీక్ష మాత్రం నెగ్గాలి. సీట్లు బహు కొద్ది. వీధిలో బోర్డు కట్టి నేర్పేవారికి కొదవ లేదుగాని, ఫీజు కట్టేముందు అక్కడ చదివినవారు తీసిన చిత్రాలు చూపమని అడగటం మంచిది.

బావగారు యింకా ఔననలేదు. వాడు మాత్రం మా అక్క చేతికి నిండుబిందె యిచ్చి వాకిట్లో నాలుగుసార్లు నడిపించి, కాళ్ళవంకే చూస్తూ గీసుకున్నాడు. నిన్న సాయంత్రం బావగారు, కలకత్తా బండి ఎన్ని గంటలకని నన్నడిగారు.