బోధను కిరాణపు పద్దు

ధరలు దిగినవని సర్కారు లెక్కలు చెప్పుచున్నవి. తెచ్చిన రూకలకు సంచి నిండుట లేదని యిల్లాండ్రు చెప్పుచున్నారు. ఈ రెంటిలో నేది నిజమని పఠన మందిరములలో వాదములు సాగుచున్నవి. రెండును నిజములే యని మా యభిప్రాయము.

2025 అక్టోబరు మాసమున దేశమందలి ధరల పెరుగుదల 0.25 శాతమునకు దిగినదనియు, ఆహార పదార్థముల ధరలు అంతకు ముందటి యేటికంటె 5.02 శాతము తగ్గినవనియు కేంద్ర గణాంక శాఖ ప్రకటించెను. ఆ సంవత్సరమున మన తెలంగాణములో కొన్ని నెలలు ఈ యంకె సున్నకు దిగువనే యుండెను. అంకె అబద్ధము కాదు గాని, దానిని చదువు తెరగు తెలియవలెను. 2024 అక్టోబరున నా యాహార పదార్థముల ధరలే 10.87 శాతము పెరిగి యుండెను. అనగా 2023 అక్టోబరున నూరు రూపాయలకు నిండిన సంచి మరుసటి యేడు దాదాపు నూట పదునొకండు రూపాయలకు నిండినది. ఆ పై యేడు, ధరలు దిగినవన్న నాడు సైతము, నూట అయిదు రూపాయలకు పైగా పెట్టిన గాని నిండలేదు. గుట్ట యెక్కినవాడు నాలుగు మెట్లు దిగి కూర్చున్నంత మాత్రమున ఊరు చేరినట్లగునా?

ఈ పైబడిన యైదు రూపాయలు ఎవరి చేతికి వచ్చినవన్నదే మా ప్రశ్న. కచ్చేరీ యుద్యోగికి కరవు భత్యమను నొక యేర్పాటు కలదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున తిండిగింజలు ప్రియమై, చిన్న జీతగాండ్రు బ్రతుకలేక మొరపెట్టుకొనగా పుట్టినదే యీ భత్యము. ధరల సూచిక పెరిగిన కొలది యిదియు పెరుగును. రాష్ట్రోద్యోగులకు దీని విడతలు బకాయి పడుటయు, వారు సభలు చేయుటయు 2024, 2025 సంవత్సరములలో చూచితిమి. వారి గోడు న్యాయమైనదే. కాని బకాయి పడుటకైనను ముందొక హక్కుండవలెను గదా! ఎడపల్లిలో నాట్లు వేయు స్త్రీకి, గంజులో మూటలు మోయు హమాలికి, బట్టల దుకాణమున గుమాస్తాకు బకాయి పడుటకు గూడ ఏమియు లేదు. ధర తనంతట తాను పెరుగుచున్నది. కూలి మాత్రము అర్జీ పెట్టుకొని, బ్రతిమాలి, ఏండ్లు వేచి పెరుగవలసి యున్నది.

బోధను ప్రాంతమున ఈ బాధ తక్కిన తావులకంటె నెక్కుడు. కారణము చెప్పెదము. మంజీరపై నిజాంసాగరము 1931 నాటికి పూర్తికాగా, ఆ కాలువ నీటిని నమ్ముకొని 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. ఆ సంవత్సరమే నిజామాబాదున మందుముల నరసింగరావుగారి యధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగినది. శక్కర్‌నగర్ ఒక పట్టణమే యైనది. చెరకు పంట యేడాది పొడుగునను మనిషి చేతిని కోరును: ముచ్చెలు నాటుట, కలుపు తీయుట, మట్టి యెగద్రోయుట, జడ చుట్టుట, నరకుట, బండి కెత్తుట. ఫ్యాక్టరీలో నెల జీతగాడు, పొలములో దినకూలి, దారిలో బండివాడు, వీరందరి వెనుక కిరాణపు కొట్టువాడు. జీతము వచ్చు తేదీ తెలిసిన యింటికి కొట్టువాడు ఖాతా వ్రాయును. ఖాతా యున్న యింటిలో నెల సరుకు ఒక్కమారు వచ్చును, బస్తాతో వచ్చును, తక్కువ ధరకు వచ్చును.

2002లో కర్మాగారమున 51 శాతము వాటా ప్రైవేటు కంపెనీ పాలైనది. 2015 డిసెంబరున బోధను, మెట్‌పల్లి, మెదకు మూడు చోట్లను పని నిలిచినది. చెరకు చేలు వరిమళ్లుగా మారినవి. వరి మంచి పంటయే. కాని యంత్రము దిగినచో ఎకరపు కోత గడియలలో తీరును. పది మంది కూలీలు పది దినములు సంపాదించుకొను తావున నేడు యంత్రపు యజమానికి గంటల లెక్కన బాడుగ ముట్టుచున్నది. మిషను వలదని మేమనుట లేదు. రైతునకు మాత్రము కూలీల ఖర్చు మోయ శక్తి యెక్కడిది? పని దినములు పోయిన సంగతి మాత్రము ధరల సూచికలో నెచ్చటను గానరాదు. ఆ సూచిక సంచి వెల నెరుగును. సంచి పట్టుకొని వచ్చినవాడు నెలకెన్ని దినములు పని చేసెనో యెరుగదు.

ఖాతా పోయిన యింటి కొనుగోలు చూడుడు. పావుకిలో చక్కెర, పది రూపాయల నూనె పొట్లము, అయిదు రూపాయల టీ పొడి. చక్కెర పేరనే వెలసిన పేటలో చక్కెర పొట్లముగా వచ్చుచున్నది! ఈ చిల్లర పొట్లములపై ధర మారదు, లోని సరుకే చిక్కిపోవుచుండును. అయిదు లీటర్ల డబ్బా కొనువానికంటె పది రూపాయల పొట్లము కొనువాడు లీటరుకు హెచ్చే చెల్లించును. పన్ను గూడ ఈ దారినే నడచినది. 2022 జూలై 18 నుండి 25 కిలోల వరకు ముద్ర వేసి కట్టిన బియ్యపు మూటలపై నైదు శాతము జీయెస్టీ విధించిరి. అంతకు మించిన బస్తాకు పన్ను లేదు. వెంటనే మన బజారులలో 26 కిలోల బస్తాలు వెలసినవి. వర్తకుని యుక్తికి నవ్వు వచ్చును. కాని ఒక్కమారు 26 కిలోలు కొనగలవానికి పన్ను తప్పినది, అయిదు కిలోల సంచి కొనువానికి తప్పలేదు. విడిగా తూచి యిచ్చు బియ్యమునకు పన్ను లేకుండుట కొంత మేలు.

నూనె సంగతి వేరొక విధము. 2024 సెప్టెంబరు 14న ముడి పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు నూనెల దిగుమతి సుంకమును 5.5 శాతము నుండి 27.5 శాతమునకు పెంచిరి. నూనెగింజలు పండించు రైతునకు మేలు చేయుటకే యనిరి. బోధను దిక్కున సోయా పండించువా రున్నారు గాన మేమును సంతోషింపవలసినదే. కాని వంటనూనె ధర వెంటనే యెక్కినది. సోయాకు మద్దతు ధరయైన క్వింటాలు 4,892 రూపాయలు మాత్రము దేశమున పలు మార్కెట్లలో ఆ యేటి చివరి నెలలయందు రైతునకు దక్కలేదు. 2025 మే చివర ముడినూనె సుంకమును 16.5 శాతమునకు దించిరి. ఎక్కుటకు పట్టిన కాలమెంత, దిగుటకు పట్టిన కాలమెంత యనునది కొట్టువాని నడిగి తెలిసికొనుడు.

బీడీలు చుట్టు తల్లుల మాట మరువరాదు. వారికి ధరల సూచిక ననుసరించి పెరుగు కరవు భత్యము పేరునకు కలదు. కాని యది వేయి బీడీలకింత యను లెక్క. తునికాకు ఇయ్యని నాడు, జర్దా తక్కువ తూచిన నాడు, భత్యము దేనిపై కట్టుదురు?

సర్కారు ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. 2025 ఏప్రిల్ నుండి రేషను దుకాణములలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యము ఉచితముగా ఇచ్చుట పేదయింటి పొయ్యికి నిజమైన యాసరా. 2025 సెప్టెంబరు 22 నుండి సబ్బులు, తలనూనె మొదలగు వానిపై పన్ను 18 నుండి 5 శాతమునకు తగ్గించిరి. కాని పప్పు, నూనె, పాలు, బడి ఫీజు, ఇంటి బాడుగ, మందుల బిల్లు, వీనికి కావలసినది చేతిలో రొక్కము. ఆ రొక్కము కూలి నుండియే రావలెను.

ఇచ్చట మన పట్టణ సోదరులతో ఒక మాట. 2023 జూలైలో టమాట కిలో నూరు రూపాయలు దాటగా మనమెంత గగ్గోలు చేసితిమి! కేంద్ర సర్కారే కొన్ని నగరములలో తక్కువ ధరకు టమాట అమ్మించెను. కాని మన యింట అంట్లు తోము మనిషికి, మన దుకాణమున తూకము వేయు కుర్రవానికి జీతము కడపట నెన్నడు పెంచితిమో మనలో నెందరికి జ్ఞాపకమున్నది? ప్రతి గృహస్థుడు కొనుగోలుదారుడే కాడు, మరొక సంసారమునకు జీతమిచ్చువాడు గూడ. సర్కారునుండి భత్యము రాలేదని సభ చేయుటకు పోవు నాడు ఇంటి పనిమనిషికి మాత్రము పాత జీతమే లెక్కపెట్టి యిచ్చి పోవుట మాకు సబబుగా తోచుట లేదు.

చట్టము లేక కాదు. 1948 నాటి కనీస వేతనముల చట్టము అయిదేండ్లకు మించకుండ కూలి రేట్లను తిరిగి చూడవలెనని చెప్పినది. తెలంగాణమున 2021లో కొన్ని వృత్తులకు కొత్త రేట్లు ఖాయపరచి ఉత్తరువులు వెడలించియు గెజెట్టునకు ఎక్కింపలేదు. 2025 నవంబరు 21 నుండి పాత చట్టము స్థానమున వేతన సంహిత అమలులోనికి వచ్చినది. కొత్త నియమములు వ్రాయునపుడు ప్రతి వృత్తి కూలికిని ధరల సూచికతో ముడి వేయవలెను. ఆరు మాసముల కొకమారు కొత్త రేటు పంచాయతీ కచ్చేరీ గోడపైనను గంజు వాకిటను తెలుగున, ఉర్దూలో అంటింపవలెను. అర్జీలతో పని లేకుండవలెను.

ఇక కర్మాగారము. పునఃప్రారంభ విషయమై 2024 జనవరిలో ప్రభుత్వము మంత్రి శ్రీధర్ బాబుగారి యధ్యక్షతన సంఘమును నియమించినది. అయినను 2024–25 గానుగ కాలము శక్కర్‌నగర్‌లో చెరకు లేకయే గడచినది. బ్యాంకుల బాకీ యెంత, యంత్రముల తుప్పు వదల్చుట కెంత, ఎన్ని టన్నుల చెరకు కావలెను అను లెక్కలు వేయుచునే యున్నారు. కర్మాగారము తెరచినచో ఎడపల్లి, రెంజలు, వర్ని, కోటగిరి మండలములలో కూలివారికి ఏడాదికి ఎన్ని పని దినములు తిరిగి వచ్చును? ఈ లెక్కను గూడ కట్టి, టన్నుల లెక్క ప్రక్కనే ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము.