ముందు లెక్క రాయండి, తర్వాతే తరలింపు మాట



మాచర్ల నుంచి సాగర్ వైపు వెళ్తే అనుపు దగ్గర ఆగి చూడండి. డ్యామ్ కింద నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, లెక్కలు రాసుకుని, ఇక్ష్వాకుల కట్టడాల్లో కొన్నింటిని కొండ మీద, కొన్నింటిని అనుపులో మళ్ళీ నిలబెట్టారు. మంచి పనే. మరి రాళ్ళకు రాసిన లెక్క మనుషులకు ఎందుకు రాయరు?

ఆ పక్కనే నల్లమల. 1978లో అభయారణ్యం, 1983లో ప్రాజెక్ట్ టైగర్. ఈ ఎండుటాకుల అడవిలో పులి అడుగు ఏ పూటదో చెప్పగలిగింది మన చెంచులే. శ్రీశైలం మల్లన్న మనకు చెంచు మల్లయ్య, ఇంటి అల్లుడు. పులి పోవాలని మనం ఏనాడూ అనలేదు.

2006 అటవీ హక్కుల చట్టం అంటే చాలామందికి పోడు పట్టా ఒక్కటే గుర్తొస్తుంది. చెంచుకు పోడు ఎంతని? మన బతుకు తేనె, తపసి బంక, గడ్డలు, దేవుడి దారులు. అందుకే అదే చట్టం సెక్షన్ 3(1)(ఇ)లో మనలాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు రాశారు. మొత్తం తిరుగాడే నేల మీద హక్కు అది. సెక్షన్ 4(2) ఇంకా స్పష్టం: అభయారణ్యంలోనైనా హక్కుల గుర్తింపు పూర్తయ్యాకే, గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే తరలింపు.

కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. గూడెంలో బడి సరిగా నడవదు, ఆసుపత్రి దూరం. పోదామనుకునే వాళ్ళను నేను తప్పుపట్టను. కానీ హక్కు కాగితం లేకుండా కిందికి దిగితే, డబ్బు అయిపోయాక మిగిలేది ఏంటో మనకు తెలుసు. సంక్రాంతి దాటాక గుంటూరు, ప్రకాశం మిరప చేలల్లో కాయ కోతకు పోతున్న మనవాళ్ళను అడగండి.

పులీ మనిషీ కలిసి ఉండలేరంటారా? కర్ణాటక బీఆర్‌టీ కొండల్లో పులుల అడవిలోనే 2011లో సోలిగలకు సామూహిక హక్కులు ఇచ్చారు. మధ్యప్రదేశ్‌లో బైగాలకు ఆవాస హక్కు ఇచ్చారు. మరి నల్లమలకు ఏం అడ్డం?

డిగ్రీ చదివిన చెంచు పిల్లలూ, ఈ పని మనదే. గూడెం పెద్దల దగ్గర కూర్చుని తేనె కొండలు, నీటి చెలమలు, దేవతల చోట్లు పేర్లతో సహా రాయండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. ఆవాస హక్కు చూడాల్సింది జిల్లా స్థాయి కమిటీ, అక్కడ కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. ఈలోపు ఎవరైనా తరలింపు సంతకం కోసం వస్తే, ఆ రసీదు చూపించి మా ఫైల్ ఎక్కడుందని అడగండి.