పిల్లల నెత్తిన ఏం పెడుతున్నాం?



ఆగస్టు వచ్చిందంటే మన క్యాంపస్‌లలో వేడుకల హడావిడి మొదలవుతుంది. 9న ఆదివాసీ దినోత్సవం, 15న స్వాతంత్ర్య దినోత్సవం, 29న తెలుగు భాషా దినోత్సవం. వాటితోపాటే వాట్సాప్ గ్రూపుల్లో 'కాస్ట్యూమ్ ఎక్కడ అద్దెకు దొరుకుతుంది?' అన్న ప్రశ్న కూడా. ఈ నెల ఆ ప్రశ్న గురించే నాలుగు మాటలు రాస్తున్నాను. ముందు నా తప్పు ఒప్పుకుంటాను.

కొన్నేళ్ల క్రితం వేరే బడిలో తెలుగు చెప్పేదాన్ని. యాన్యువల్ డేకి అరకు ధింసా నృత్యం నేర్పించే పని నాకు అప్పగించారు. దుకాణానికి ఫోన్ చేసి 'ట్రైబల్ డ్రెస్సులు ఇరవై పంపండి' అన్నాను. వచ్చిన అట్టపెట్టెలో రంగురంగుల ఈకల కిరీటాలున్నాయి. బాగానే ఉన్నాయనుకుని అందరికీ పెట్టేశాను. ఏడో తరగతి పాప ఒకతి మాత్రం దాన్ని చేతిలోనే పట్టుకుని, "టీచర్, మా అమ్మమ్మ వాళ్లది అరకు దగ్గరే. అక్కడ ఇవి ఎవరూ పెట్టుకోరు" అంది. "టైమైపోతోంది, పెట్టుకోమ్మా" అన్నాను. పెట్టుకుంది. ఆ రోజు ఫొటోల్లో తనొక్కతే నవ్వలేదు.

ఆ కిరీటం ఎక్కడిదో తర్వాత తెలుసుకున్నాను. అమెరికా మైదాన ప్రాంతాల్లోని లకోటా వంటి తెగలది. డేగ ఈకలతో చేస్తారు. తెగలో పేరు, గౌరవం సంపాదించుకున్నవాళ్లే ధరిస్తారు. 1492లో కొలంబస్ తాను చేరింది ఇండియా అనుకుని అక్కడివాళ్లను ఇండియన్లన్నాడు. ఐదు వందల ఏళ్లు దాటాక మనం ఆ పొరపాటునే తిరగేసి, మన కొండల పిల్లల నెత్తిన వాళ్ల కిరీటం పెడుతున్నాం.

ధింసాలో స్త్రీలు ఒకరి వీపు వెనుకగా ఒకరు చేతులు పెనవేసుకుని గొలుసుకట్టుగా కదులుతారు. తలకు కొప్పు, కొప్పులో పూలు. ఈకల కిరీటం ఊసే లేదు. అలాగని మన గిరిజనులకు తల అలంకారాలు లేవని కాదు. చింతూరు వైపు కోయల కొమ్ము నృత్యం చూడండి, పురుషులు తలపై అడవిదున్న కొమ్ములు ధరిస్తారు. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీలో నెమలి ఈకల టోపీ ఉంటుంది. అది దీపావళి రోజుల్లో వచ్చే దండారి పండుగ వేషం. ఆ నృత్యానికే కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఒక్కోదానికి ఒక్కో ఊరు, ఒక్కో సందర్భం ఉన్నాయి. 'ట్రైబల్ డ్రెస్' అన్న మాటకు మాత్రం ఏ ఊరూ లేదు.

మన్యంలో రోజువారీ పనికి తలపై పెట్టుకునేది ఇంకోటి ఉంది. దాని పేరు గిడుగు. వెదురు బద్దలు అల్లి, మధ్యలో ఆకులు పరిచి చేస్తారు. కొండల్లో అడ్డాకులు, మైదానంలో తాటాకులు. గొడుగు పట్టుకుంటే ఒక చెయ్యి దానికే పోతుంది. వానలో వంగి వరినాట్లు వేసేవాళ్లకు రెండు చేతులూ కావాలి. అందుకే తలనూ వీపునూ కప్పే గిడుగు. ఇంత తెలివైన వస్తువును మన పిల్లల్లో ఎంతమంది పేరు పెట్టి పిలవగలరు?

ఆ మాట మనకు ఏటా ఆగస్టు 29న వినిపిస్తూనే ఉంటుంది. 1863లో అదే రోజున పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి ఇంటిపేరు అదే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకు బడులు పెట్టించారు. 1931లో సవర భాషపై ఆయన పుస్తకం వెలువడింది. సవరల గురించి రాసేముందు ఆయన సవరల దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు. నేను దుకాణానికి ఫోన్ చేశాను. తేడా అక్కడుంది.

'చిన్నపిల్లల సరదాకి ఇంత రాద్ధాంతమా?' అని మీరు అనవచ్చు. ఢిల్లీలో ఏదో బడిలో 'ఇది కూచిపూడి' అంటూ పిల్లల నెత్తిన కథకళి కిరీటం పెట్టారనుకోండి. మనం ఊరుకుంటామా? సోషల్ పరీక్షలో తప్పు రాస్తే అర మార్కు పోయినా మీరు వచ్చి అడుగుతారు, అడగాలి కూడా. అదే తప్పు స్టేజీ మీద చేయిస్తే అందరం చప్పట్లు కొడుతున్నాం. పిల్లలకు బాగా గుర్తుండేది ఆ చప్పట్లు కొట్టించుకున్న పాఠమే.

అందుకే మీకు మూడు విన్నపాలు. ఒకటి, బడి నుంచి 'ట్రైబల్ డ్రెస్' అని మెసేజ్ వస్తే, ఎవరి నృత్యం, ఏ ప్రాంతానిది అని మమ్మల్ని అడగండి. చెప్పలేకపోతే ఆ తప్పు మాది. రెండు, అరకు వెళ్లినప్పుడు బొర్రా గుహలు, కాఫీతో సరిపెట్టక గిరిజన మ్యూజియం కూడా చూపించండి. సంతలో కనిపించిన వస్తువును మీ భాషలో ఏమంటారని అమ్మేవాళ్లనే మీ పిల్లల చేత అడిగించండి, ఆ మాట నోట్‌బుక్‌లో రాయించండి. మూడు, మన తరగతుల్లో కొండ ప్రాంతాల కుటుంబాల పిల్లలున్నారు. వాళ్లను ప్రదర్శన వస్తువులను చేయకుండా, చెప్పాలనిపించి చెప్పినప్పుడు వినండి.

ఆ పాప ఇప్పుడు కాలేజీలో ఉండి ఉంటుంది. ఆ రోజు నేను అనాల్సిన మాట ఆలస్యంగా ఇక్కడ అంటున్నాను: నువ్వు చెప్పిందే సరైనదమ్మా, నేనే వినలేదు.

— తెలుగు ఉపాధ్యాయిని