ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగుకు చోటివ్వండి

‘ఐ యామ్ లివింగ్ హియర్ ఫ్రమ్ టెన్ ఇయర్స్’ అని ఓ విద్యార్థి రాస్తే, చాలామంది టీచర్లు ‘ఫ్రమ్’ కొట్టేసి ‘ఫర్’ అని దిద్ది ఊరుకుంటారు. సగం తప్పు అలాగే మిగిలిపోతుంది. అక్కడ క్రియ కూడా మారాలి. ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అనాలి.

ఆ పిల్లవాడు అలా రాయడానికి కారణం అజ్ఞానం కాదు. ‘పదేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాను’ అన్న నిఖార్సైన తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్‌లో పెట్టాడు. మనం ‘పదేళ్ల నుంచి’ అంటాం, ‘2015 నుంచి’ అనీ అంటాం. ఇంగ్లిష్‌లో గడిచిన వ్యవధికి ‘ఫర్’, మొదలైన సమయానికి ‘సిన్స్’. ‘నిన్న చూశాను’, ‘ఆ సినిమా ఇదివరకే చూశాను’ అనడానికి మనకు ఒకే క్రియ చాలు. ఇంగ్లిష్‌లో ‘యెస్టర్‌డే’ ఉంటే ‘సా’ అనాలి, ‘హ్యావ్ సీన్’ కుదరదు. ఈ తేడా చెప్పకుండా ఎర్రసిరాతో ఎన్నిసార్లు దిద్దినా పిల్లలు మళ్లీ అదే రాస్తారు.

తెలుగే దారి చూపే చోట్లూ ఉన్నాయి. ‘బై ఫ్రైడే’కీ ‘టిల్ ఫ్రైడే’కీ తేడా తెలియక ఉద్యోగాల్లో చేరినవాళ్లూ తడబడతారు. శుక్రవారంలోగా ఫైలు ఇవ్వడం వేరు, శుక్రవారం దాకా ఊళ్లో ఉండడం వేరు. ఇది తెలుగు పిల్లలకు బడికి రాకముందే తెలుసు. ‘లోగా’కు ‘బై’, ‘దాకా’కు ‘టిల్’ అని జోడించి చెబితే చాలు. మనం ‘వచ్చే సోమవారం’ అన్నట్టే ఇంగ్లిష్‌లోనూ ‘నెక్స్ట్ మండే’ ముందు ‘ఆన్’ అక్కర్లేదు. గంటకు ‘ఎట్’, తేదీకి ‘ఆన్’, నెలకూ ఏడాదికీ ‘ఇన్’ అన్నవి మాత్రం కంఠతా పట్టాల్సిందే.

రెండు తెలుగు రాష్ట్రాల సర్కారు బడుల్లోనూ ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీ తెలుగులో ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. సైన్సుకూ లెక్కలకూ పనికొచ్చిన ఆ పద్ధతి ఇంగ్లిష్ వ్యాకరణానికి ఇంకా ఎక్కువ అవసరం. ఇంగ్లిష్ క్లాసులో తెలుగు వినపడకూడదన్న పట్టుదల పిల్లలకున్న పెద్ద ఆసరాను లాగేస్తోంది.

ఖాళీలు పూరించే ప్రశ్నలు తగ్గించండి. ‘మూడు రోజుల నుంచి జ్వరం’, ‘ఐదింటిలోగా వస్తాను’ వంటి ఇంట్లో మాట్లాడే వాక్యాలిచ్చి ఇంగ్లిష్‌లో చెప్పమనండి. రేపు డాక్టరు ముందైనా, ఇంటర్వ్యూలోనైనా వాళ్లు చెప్పాల్సినవి ఇలాంటి మాటలే.