ఎక్కడికి పొమ్మంటున్నారు?

"గుత్తికోయలు వచ్చాకే మా అడవి పోయింది. వాళ్ళది ఛత్తీస్‌గఢ్, అక్కడికే పంపెయ్యాలి." కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం ప్రాంతాల్లో ఈ మాట ఎవరినోట విన్నా ఆశ్చర్యపోయే రోజులు పోయాయి. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర పోడు గొడవలో ఒక ఫారెస్టు రేంజ్ ఆఫీసరును నరికి చంపాక అది డిమాండుగా మారింది. అక్కడి పంచాయతీ వాళ్ళను వెళ్ళగొట్టాలని తీర్మానమే చేసింది. ఆ హత్య ఘోరం. చేసిన ఇద్దరు గుత్తికోయలకూ కోర్టు యావజ్జీవం వేసింది, వెయ్యాల్సిందే. కానీ ఇద్దరి నేరానికి అడవిలో ఉన్న ప్రతి గుత్తికోయ గుంపునూ బోనెక్కించడం న్యాయం కాదు. అడవి నాశనానికి కారణం కూడా వాళ్ళేననడం అబద్ధం.

వాళ్ళు అడవి మీద ఆశతో రాలేదు. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని అప్పటి దంతెవాడ జిల్లాలో, మావోయిస్టులకు వ్యతిరేకంగా, సర్కారు అండతో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు అన్నం పెట్టారని జుడుం ఇళ్ళు తగలబెట్టింది. జుడుంలో చేరారని మావోయిస్టులు మనుషుల్ని చంపారు. జుడుం శిబిరాల్లోకి పోవడం ఇష్టం లేనివాళ్ళు కొందరు అడవి లోపలికి పోయారు, వేలమంది శబరి నది దాటీ, చర్ల దారినా ఇటు వచ్చారు. 644 ఊళ్ళు ఖాళీ అయ్యాయన్నది అప్పట్లో అందరి నోటా నలిగిన లెక్క. ఆదివాసీ యువకులను స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా (ఎస్పీవోలుగా) చేర్చుకుని, చేతికి తుపాకులిచ్చి యుద్ధంలోకి తోయడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ తీర్పు చెప్పారు. జరిగింది తప్పని దేశంలోని అత్యున్నత న్యాయస్థానమే తేల్చింది. మరి ఆ తప్పుకు నష్టపోయినవాళ్ళు ఆక్రమణదారులు ఎలా అయ్యారు?

ఇటే ఎందుకు వచ్చారన్నది అడగాల్సిన ప్రశ్న. జుడుంకు ముందు నుంచే మిరపకాయలు ఏరే కాలంలో వాళ్ళు చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం చేలకు కూలికి వచ్చేవారు. వాళ్ళకు దారులు తెలుసు. చాలామందికి ఇక్కడి కోయ గూడేల్లో చుట్టాలున్నారు. ఈ ఏడూ మిర్చి ఏరడానికి వాళ్ళే కావాలి. కల్లం ఎత్తేశాక మాత్రం వాళ్ళు పరాయివాళ్ళు.

ఈ 'పరాయి' అన్నది ఏ హద్దును బట్టి? భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను నిజాం 1860లో ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్నాడు. వాళ్ళు వాటిని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, సిరోంచ కేంద్రంగా ఉన్న ఎగువ గోదావరి జిల్లాలో కలిపారు. దంతెవాడ అప్పట్లో భాగమైన పక్కనున్న బస్తర్ సంస్థానం కూడా ఆ ప్రావిన్సెస్ అజమాయిషీలోనే ఉండేది. 1874లో భద్రాచలాన్ని మద్రాసుకు బదలాయించి గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో అది ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో మళ్ళీ కోశారు. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం ఆంధ్రలోకి పోయాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ఒక్కసారీ కోయవాడిని అడిగి గీసిన గీత కాదు ఇది.

1874లో గీత మారినప్పుడు పోడు మీదా దెబ్బ పడింది. సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉన్నన్నాళ్ళూ రేకపల్లి కొండల్లో గొడ్డలి లెక్కన నామమాత్రపు పన్ను కట్టి పోడు కొట్టుకునేవారు. మద్రాసు చేతికి వచ్చాక పన్ను పెరిగింది, కొన్ని చోట్ల పోడునే నిషేధించారు. 1879లో రంపలో లేచిన ఫితూరీ రేకపల్లికి పాకడానికి అదే ముఖ్య కారణం. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి సర్కారు ఆస్తి, అందులో బతికే మనిషి దొంగ. ఇవాళ పోడు చుట్టూ జేసీబీతో కందకం తవ్విస్తున్న ఆఫీసరుకు తెలియకపోవచ్చు గానీ, ఆయన అమలుచేస్తున్నది ఆ నాటి ఆలోచననే.

ఇక చెట్ల సంగతి. గుత్తికోయలు నరికారా? నరికారు. తిండికి వేరే దారి లేక నరికారు, కాదనను. కానీ ఈ ప్రాంతంలో అడవి తరుగుదల 2005తో మొదలైందా? ఇల్లెందులో 1871లో బొగ్గు కనిపెట్టారు. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాలకు దిగింది. భూగర్భ గనుల కప్పు కూలకుండా నిలబెట్టిన దుంగలన్నీ ఏ అడవివి? ఆ తరువాత మణుగూరు, కొత్తగూడెం, సత్తుపల్లిలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి. అక్కడ చెట్టుతో పాటు చెట్టు కింది నేల కూడా పోయింది. 1979లో సారపాకలో కాగితం మిల్లు మొదలైంది, వెదురు అటు వెళ్ళింది. సహజమైన అడవిని ఊడ్చేసి జామాయిల్ వేసిన వేల ఎకరాలు ఫారెస్టు రికార్డులో ఇప్పటికీ అడవే! ఇప్పచెట్టు, తునికిచెట్టు ఉంచి మధ్యలో జొన్నలు చల్లుకున్న చేను మాత్రం విధ్వంసం. పోలవరానికి 3,700 హెక్టార్లకు పైగా అటవీ భూమిని ఒక్క అనుమతితో ఇచ్చినప్పుడు, ఇవాళ అడవి కోసం ఆవేదన పడుతున్నవారిలో ఎందరు నోరెత్తారు?

వలస వచ్చినవాళ్ళు పోవాలన్నదే సూత్రమైతే అది అందరికీ వర్తించాలి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఏజెన్సీకి వచ్చి పొగాకు, పత్తి, మిర్చి పండించి స్థిరపడినవాళ్ళను ఎవరూ వెనక్కి పొమ్మనడం లేదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉండగానే గిరిజనుల భూమి వాళ్ళ చేతికి వచ్చింది. వాళ్ళను పొమ్మనాలని నేనూ అనను. యుద్ధం తరిమితే వచ్చినవాడికి ఒక కొలత, డబ్బుతో వచ్చినవాడికి ఇంకో కొలత ఎందుకన్నదే నా ప్రశ్న.

చట్టమూ గుత్తికోయలకు ముఖం చాటేసింది. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే పట్టా ఇస్తుంది. జుడుం అప్పటికి ఆరు నెలల క్రితం మొదలైంది, ఊళ్ళు ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి కాలుతూనే ఉన్నాయి. వదిలేసి వచ్చిన భూమి మీద అర్జీ పెట్టాలంటే అక్కడ ఉండాలి. ఇక్కడేమో అర్హత తేదీ దాటిపోయింది. రాష్ట్రం మారితే ఎస్టీ హోదా వెంట రాదు. అందుకే 2023లో తెలంగాణ 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచినా ఈ గుంపులకు ఒరిగింది దాదాపు ఏమీ లేదు.

ఇప్పుడు వినిపిస్తున్న కొత్త వాదన, మావోయిస్టుల మీద బలగాలు చేసిన కర్రెగుట్టల ఆపరేషన్ తరువాత యుద్ధం ముగింపుకొచ్చింది కాబట్టి ఇళ్ళకు పోవచ్చని. పోదామనుకునేవాళ్ళు పోవాలి, వాళ్ళ భూమి వాళ్ళకు రాసిచ్చి పంపాలి. కానీ ఇక్కడే పుట్టి, ఇక్కడి ఆశ్రమ పాఠశాలలో తెలుగు చదువుకున్న పిల్లలకు ఆ ఊరు అమ్మానాన్నలు చెప్పిన పేరు మాత్రమే. వాళ్ళను లారీలో ఎక్కించి దింపి రావడం రెండోసారి ఊరు పోగొట్టడమే.

దారి లేక కాదు. 1997లో మిజోరం నుంచి తరిమితే త్రిపురలో తలదాచుకున్న బ్రూ తెగవాళ్ళను, దాదాపు 34 వేలమందిని, త్రిపురలోనే స్థిరపరచడానికి 2020 జనవరిలో కేంద్రం, రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నాయి. 600 కోట్ల రూపాయల ప్యాకేజీ, ఇంటి స్థలం, త్రిపురలో ఓటు ఇచ్చాయి. అదే కేంద్రం ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లను ఒక బల్ల ముందు కూర్చోబెట్టగలదు. వెళ్ళేవారి జాబితా, ఉండేవారి జాబితా గుంపుగుంపుకూ వెళ్ళి వాళ్ళనే అడిగి రాయవచ్చు. అది తేలేదాకా గుడిసెలు పీకడం, పంట మీద జేసీబీ తోలడం ఆపాలి.