ఇస్త్రీపెట్టె తీగ
మాటిమాటికి మడతపడుటచేత ఇస్త్రీపెట్టె తీగ, పెట్టెను చేరుచోట, పైతొడుగు చిట్లి లోని రాగిపోగులు బయల్పడినప్పుడు, దానిపై నల్లటేపు నాలుగు చుట్లు చుట్టి పని గడుపుకొను మన గృహస్థుల అలవాటు మిక్కిలి ప్రమాదకరమని నా దృఢాభిప్రాయము. వేయి వాట్ల పెట్టెకు 230 వోల్టులయొద్ద నాలుగు ఆంపియర్లకు పైబడిన విద్యుత్తు ప్రవహించును. పోగులు తెగి సన్నగిల్లినచోట వేడి హెచ్చి, టేపు జిగురు కరగి సడలిపోవును. కావున, స్విచ్చి కట్టివేయుటతో తృప్తిపడక ప్లగ్గును గోడనుండి ఊడదీసి, చెడిన తీగను ఆసాంతము తొలగించి, అంతే మందము గల మూడు తీగల కొత్త వైరును, ఆకుపచ్చని ఎర్తు తీగను విడువక, బిగించుటయే యుక్తము. ఎర్తు లేకున్నను పెట్టె కాగును గదా యని దానిని కత్తిరించివైచువారిని చూచినప్పుడు నాకు గుండె దడదడలాడును. లోపలి తీగ జారి లోహభాగమును తాకిననాడు, ఆ విద్యుత్తును నేలకు గొనిపోయి ఫ్యూజును తెగజేయునది అదియే.