ఇంటి వాకిట విశ్వవిద్యాలయము

కళాశాల గడప త్రొక్కకయే, ఇంటనుండియే, సెల్‌ఫోను ముందఱనో కంప్యూటరు ముందఱనో కూర్చుండి పాఠములు విని, పరీక్షలు వ్రాసి, బి.ఏ., బి.కాం., ఎం.బి.ఏ. పట్టములను బొందుచున్నవారి సంఖ్య మన దేశమున నానాటికి హెచ్చుచున్నది. గోడల మీదను, పత్రికల పుటలయందును, ఫోను తెరల మీదను ఈ చదువులను గూర్చిన ప్రకటనలు మిక్కుటముగ గానవచ్చుచున్నవి. "ఈ పట్టమునకు విలువ యున్నదా?" యని సొమ్ము చెల్లింపబోవు తండ్రి యడుగుచున్నాడు. "మూడేండ్లు రాత్రులు మేల్కొని చదివిన మా చదువును కొలువిచ్చువారు గౌరవింతురా?" యని పట్టము చేతబట్టుకొనిన యువకుడడుగుచున్నాడు. ఇది కొందఱి గృహవిషయమని తలచి యూరకుండదగిన ప్రశ్న గాదు. స్వతంత్ర భారతమున విద్య యెవరికి, ఏ వెలకు, ఏ భాషలో లభింపవలెనను జాతీయ ప్రశ్న యిందు దాగియున్నది. కావున దీనిని నిదానముగ విచారింపవలసియున్నది.

శాసనము చెప్పుచున్నదేమో మొదట చూతము. యు.జి.సి. యని వాడుకలోనున్న విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు ఆన్‌లైను పట్టములకు 2018లో నిబంధనలు చేసిరి. 2020 సెప్టెంబరులో వానిని దూరవిద్యా నిబంధనలతో గలిపి తిరుగ వ్రాసిరి. వీని ప్రకారము గుర్తింపు బొందిన సంస్థ యొసగిన ఆన్‌లైను పట్టము, కళాశాలకు బోయి చదివిన పట్టముతో సమానమే. 2022 సెప్టెంబరులో సంఘమువారు ఈ సంగతిని బహిరంగ ప్రకటన మూలమున మఱల దృఢపఱచిరి. ఇంజనీరింగు, వైద్యము, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రము మొదలగు విద్యలకు మాత్రమీ మార్గమును మూసియుంచిరి. రోగి నాడి చూడక వైద్యుడు గానేరడు గదా! ఇంతవఱకు శాసనము స్పష్టముగనే యున్నది. కాని శాసనమున వ్రాయబడిన సమానత వేఱు. సంఘమున లభించు సమానత వేఱు. మొదటిది ప్రకటనతో వచ్చును. రెండవది పరీక్షాశాలలో సంపాదింపవలసినది. మా వాదమంతయు నిందే కలదు.

కళాశాలకు బోక పట్టము బొందుట నేటి వింత యని తలచువారు పొరబడుచున్నారు. ఎక్కడ చదివినను సరియే, పరీక్షలో గెలిచినవానికి పట్టమిత్తుమని లండను విశ్వవిద్యాలయమువారు 1858లోనే ద్వారములు తెఱచిరి. మన దేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయమువారు 1962లో తపాలా పాఠముల నారంభించిరి. బ్రిటనులో 1969లో స్థాపింపబడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము రేడియో, టెలివిజనుల ద్వారా పాఠములను ఇండ్లకు జేర్చినది. ఇక భారతదేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది మన తెలుగుగడ్డ మీదనే. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేర జనించి, 1991లో డాక్టరు అంబేద్కరు నామము దాల్చిన యా సంస్థకు తొలి ఉపాధ్యక్షులైన ఆచార్య జి. రామిరెడ్డిగారే, 1985లో ఢిల్లీయందు ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమును నెలకొల్పినప్పుడు దానికిని తొలి ఉపాధ్యక్షులైరి. అనగా దేశమునకు దారి చూపినవారము మనము. తెలుగులో వ్రాసిన పాఠపుస్తకములు, ఊరికి సమీపమున నధ్యయన కేంద్రము, సెలవు దినములందు తరగతులు: ఇవి యా ప్రయత్నమునకు ప్రాణములు. నేడు మాఱినది తపాలా స్థానమున తెర వచ్చుటయే. తెర వచ్చినదని ప్రాణమును విడువరాదు.

ఈ చదువులలో చేరువారెవరు? ఇంటర్మీడియేటు ముగియగనే వివాహమై, బిడ్డలను బడికి బంపిన పిమ్మట మరల పుస్తకము పట్టిన గృహిణి కలదు. పగలు దుకాణములో పద్దులు వ్రాసి, రాత్రి పది గంటలకు పాఠము వినువాడు కలడు. తండ్రి మంచము పట్టగా చదువు మాని, నాగలి పట్టి, వర్షాధారపు సేద్యము నడుమ తిరిగి చదువునకు వచ్చిన రైతుబిడ్డ కలడు. పట్టము లేదన్న యొక్క కారణముచే పైయుద్యోగమునకు నోచుకొనని గుమాస్తా కలడు. వీరికి కళాశాల తలుపు మూసినది సోమరితనము గాదు, సంసారము. వీరు చెప్పు మేలు సామాన్యమైనది కాదు. పాఠమును తమకు తీరిక గల వేళ వినవచ్చును. అర్థముగాని చోట నిలిపి రెండవమాఱు, మూడవమాఱు వినవచ్చును. పట్టణమున గది యద్దె, హాస్టలు ఖర్చు, ప్రయాణపు ఖర్చు తప్పును. కొలువు విడువనక్కఱలేదు. ఆడపిల్ల దూరపు టూరికి బోవలెనను తగవు పుట్టదు. ఇంతటి మేలును "ఇంట గూర్చున్న చదువు" అని యీసడించువారు ఆ యింటి బరువు నెఱుగనివారు.

అయినను వీరి కష్టములను దాచుట సత్యమునకు ద్రోహము. ప్రథమకష్టము ఏకాంతము. తరగతిలో ప్రక్కవాడు వ్రాయుచుండగ జూచి మనమును వ్రాయుదుము. ఇంట ప్రక్కవాడు లేడు. సందేహము రాత్రి పుట్టును, సమాధానము మూడవనాటికి వచ్చును, ఒక్కొక్కప్పుడు రానేరాదు. ఇంట నొక్కటే ఫోనున్నచో, అది తమ్ముని పాఠమునకా, అన్న పాఠమునకా యను వివాదము పుట్టును. రెండవ కష్టము భాష. తెలుగు మాధ్యమమున పండ్రెండు తరగతులు చదివిన పిల్లవాడు ఆన్‌లైను తరగతిలో చేరినతోడనే ఆంగ్లోపన్యాసముల ప్రవాహమున బడుచున్నాడు. విషయము కఠినమై కాదు, వాక్యము కఠినమై వాడు మునుగుచున్నాడు. జాతీయభాషలలో విద్య యని యిన్ని దశాబ్దములుగ ఘోషించిన దేశమున, క్రొత్త సాధనము వచ్చినతోడనే మాతృభాష వెనుకబెంచీకి బోవుట సిగ్గుపడదగిన విషయము.

ఈ రెండు కష్టముల ఫలము మధ్యలో మానివేయుట. అమెరికాలో హార్వర్డు, ఎం.ఐ.టి. విద్యాలయములు లోకమునకంతకు నుచితముగ దెఱచిన ఆన్‌లైను పాఠక్రమములలో, 2017-18 సంవత్సరమున పేరు నమోదు చేసికొన్నవారిలో తుదివఱకు సాగినవారు నూటికి సుమారు ముగ్గురే. అదే పాఠములకు రుసుము చెల్లించి ప్రమాణపత్రమునకై చేరినవారిలో నూటికి నలువదికి మించి పూర్తిచేసిరి. అవి విడి పాఠక్రమములే గాని పట్టములు గావు. అయినను నీతి యొక్కటే. ఆచార్యుడెంత గొప్పవాడైనను, పాఠమెంత యుచితమైనను, పాఠము మాత్రమే విద్యార్థిని నిలుపజాలదు. వానిని నిలుపునది యొక కట్టుబాటు, ఒక గడువు, ఒక పరీక్ష, వెనుక నిలిచి "ఏల రాలేదు?" అని యడుగు నొక మనిషి.

పరీక్ష విషయమునకు వత్తము. విలువ తేలునది యిచ్చటనే. ఇంటనుండి వ్రాయు పరీక్షలో కంప్యూటరు కన్ను విద్యార్థి ముఖమును కాపలా కాయుచుండును. కరెంటు పోయినను, ఇంటర్నెట్టు తెగినను, నిర్దోషి యైన విద్యార్థి దోషివలె సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును. నేర్పరియైన మోసగాడు ఆ కంటిని తప్పించుకొను నుపాయము వెదకును. మంచివానికి బాధ, చెడ్డవానికి సందు: రెండును పట్టమునకు హానికరములే. మదరాసు ఐ.ఐ.టి. వారు 2020లో ఆరంభించిన డేటా సైన్సు పట్టము వేఱుదారి పట్టినది. అందు ప్రవేశమునకు జె.ఇ.ఇ. ర్యాంకు వలదు, కొన్ని వారముల పాఠములు చదివి అర్హతాపరీక్షలో నెగ్గినవారందఱకు ద్వారము తెఱచియేయుండును. పాఠములన్నియు తెర మీదనే. కాని ముఖ్యపరీక్షలు మాత్రము ఆయా నగరములలోని కేంద్రములకు స్వయముగ బోయి వ్రాయవలెను. ఒకేమాఱు పట్టమువఱకు బోలేనివాడు ప్రాథమిక ఘట్టముననో డిప్లమా ఘట్టముననో ఆగి, ఆ మేరకు ప్రమాణపత్రము బొందవచ్చును. పేదలకు రుసుములో నూటికి 75 వంతుల వఱకు మినహాయింపు గలదు. ప్రవేశము సులభము, నిష్క్రమణము కఠినము. పట్టమునకు గౌరవము తెచ్చు సూత్రమిదియే. కాని పెక్కుచోట్ల దీనికి విపరీతముగ, రుసుము చెల్లించుట యొక్కటే కఠినమై, తక్కినదంతయు సులభమై యున్నది.

సంస్థల తప్పిదమునకు విద్యార్థులెట్లు బలియగుదురో 2017 నవంబరులో సుప్రీంకోర్టువారి తీర్పు చూపినది. అది ఆన్‌లైను చదువును గూర్చినది గాదు, దూరవిద్యను గూర్చినది. కొన్ని డీమ్డు విశ్వవిద్యాలయములు తగిన యనుమతి లేకయే దూరవిద్యలో ఇంజనీరింగు పట్టముల నొసగినవి. 2001-05 నడుమ చేరినవారి పట్టములను న్యాయస్థానము నిలిపివేసి, మరల పరీక్ష వ్రాసి నెగ్గవలెనని శాసించినది. అటుపిమ్మట చేరినవారి పట్టములు రద్దయినవి. రుసుములు తిరిగి యిప్పింప నాజ్ఞ యయ్యెను. రుసుము తిరిగి వచ్చును సరే. గడచిన యేండ్లు తిరిగి వచ్చునా? ఏకలవ్యుడు మట్టిబొమ్మ ముందఱ విద్య నేర్చెను; విద్య నిజమైనది; అయినను బొటనవ్రేలు కోసి యీయవలసి వచ్చినది వానికే. నేటి యేకలవ్యులకు తెరయే మట్టిబొమ్మ. వ్రేలు కోయించు ద్రోణులను ముందుగనే యదుపులో నుంచుట ప్రభుత్వ ధర్మము.

ఇందు వర్తకము ప్రవేశించుట మిక్కిలి చింతింపదగినది. విద్యాసంస్థలు తమ పట్టములను ప్రైవేటు కంపెనీలకు ఫ్రాంచైజీవలె గుత్తకిచ్చుట చెల్లదని యు.జి.సి. వారు 2022 జనవరిలో హెచ్చరించిరి. ఆ హెచ్చరిక యవసరమైనదన్నచో రోగమున్నదనియే యర్థము. విశ్వవిద్యాలయపు పేరు వినిపించి ఫోనులో మాటలాడువాడు ఆచార్యుడు గాడు, అమ్మకమునకు కమీషను గొను నౌకరు. నేడే చేరిన రాయితీ, రేపు లేదని వాడు తొందరపెట్టును. విద్య కంగడి సరకు కాదు.

ఇక చేయవలసినదేమి? ప్రభుత్వములు ప్రతి రెవెన్యూ డివిజను కేంద్రమునను పరీక్షాశాల నేర్పఱచి, ఏ సంస్థ విద్యార్థి యైనను అచ్చటనే వ్రాయు వసతి కల్పింపవలెను. ఊరనున్న జూనియరు కళాశాల గదులు సెలవు దినములందు ఖాళీగనే యుండును గదా! విశ్వవిద్యాలయములు తెలుగులో పాఠములను, సందేహములు తీర్చు నుపాధ్యాయులను సమకూర్పవలెను. ఉద్యోగములిచ్చువారు శాసనము సమానమనిన పట్టమును మార్గమును బట్టి త్రోసివేయక, అభ్యర్థి నెఱిగి పరీక్షింపవలెను. జ్ఞానమున్నదో లేదో యడుగుట వారి హక్కు. ఎచ్చట కూర్చుండి చదివితివని యడుగుట హక్కు గాదు.

మా పాఠకులైన రైతుసోదరులకు, పురజనులకు రెండు మాటలు. పొలము కుదువబెట్టి రుసుము కట్టుటకు ముందు, ఆ సంస్థకును ఆ పట్టమునకును ఆ సంవత్సరము అనుమతి గలదో లేదో యు.జి.సి. వారి దూరవిద్యా విభాగము ప్రకటించు పట్టికలో చూచుకొనుడు. పరీక్ష యెక్కడ, ఎట్లు జరుగునో వ్రాతమూలకముగ నడుగుడు. సమాధానము తడబడినచో సొమ్ము మడిచి మూటలో నుంచుకొనుడు. అట్లే మీ యూరి గ్రంథాలయమున రెండు కంప్యూటరులు, నిలుకడయైన ఇంటర్నెట్టు, సాయంకాలము నాలుగు బల్లలు ఏర్పఱుపుడు. ఒంటరిగ చదువు పదిమంది యొకచోట చేరినచో ఏకాంతము సగము తీరును. గ్రంథాలయోద్యమమును నడిపిన జాతికి ఇది పెద్ద బరువు గాదు.

పట్టమునకు విలువ యున్నదా యని యడిగిన తండ్రికి మా ప్రత్యుత్తరమిది: పరీక్ష సత్యమైన చోట నున్నది, సత్యము లేని చోట, రాజముద్ర వేసినను లేదు. ఇల్లు విడువలేని వారి బిడ్డలకు విశ్వవిద్యాలయము ఇంటికే నడచి రాగల కాలమిది. అది అంగడివాని వేషమున గాక ఆచార్యుని వేషమున వచ్చునట్లు చూచుట ప్రభుత్వములకును, ప్రజలకును సమానమైన విధి. ఈ విషయమున రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములు ఇక నాలసింపక పూనుకొనునని ఆశించుచున్నాము.